కుర్చీలో కూర్చున్నవాడి చెవులు

పోయిన వారం, ఎమ్మెల్యేగా గెలిచిన మన బస్సు కండక్టరుని మనం శాసనసభ అధ్యక్షుడి కుర్చీలో వదిలేసి వచ్చాం. అసలు అధ్యక్షుడు విశ్రాంతి తీసుకునే కాసేపు ఆ కుర్చీలో కూర్చునే గౌరవాన్ని పాలకపక్షం నాయకుడు, అతని పార్టీ పెద్దాయన, అతన్ని పిలిచి మరీ ఇచ్చాడు. మురిసిపోయి అక్కని గ్యాలరీకి పిలిపించుకున్నాడు అతను. తీరా కూర్చున్నాక, మర్నాడు రావాల్సిన డిపో బిల్లు ఆ పూటే వచ్చి పడింది. బస్సు డిపోని మూసేసి, ఆ స్థలాన్ని దుకాణాలు కట్టేవాళ్ళకి అప్పగించే బిల్లు అది. దాన్ని సభలో నిలువునా చీలుస్తానని డిపో గేటు ముందు నిలబడి చెప్పి వచ్చిన మనిషి, కుర్చీలో ఉన్నందుకు నోరెత్తకూడదు, ఓటు వెయ్యకూడదు. 'అవును', 'కాదు' అనే రెండు కేకలు విని, ఏది పెద్దదో చెప్పడం ఒక్కటే అతని పని.

'కాదు' పెద్దది. పాలకపక్షంలో సగంమంది టీకి వెళ్ళి ఉన్నారు. అతని చెవులు ఆ సంగతి స్పష్టంగా విన్నాయి. అతని నోరు మాత్రం, "అవును పక్షానిదే ఆధిక్యం. బిల్లు ఆమోదించడమైనది," అంది.

కుర్చీ దిగుతున్నప్పుడు అతని మనసులో ఒకే మాట గట్టిగా ఉంది. అది నేను అన్న మాట కాదు. కుర్చీకి కాస్త కింద, బల్ల దగ్గర కూర్చునే కార్యదర్శి వెనక్కి తిరిగి గుసగుసగా అందించిన మాట. ఆ సన్నటి గొంతు ఇంకా చెవిలో గీరుకుంటూనే ఉంది. ఆ గొంతుని పట్టుకుని నులిమెయ్యాలి.

కార్యదర్శి గది తలుపు తీసే ఉంది. కండక్టరు దాన్ని గోడకి కొట్టుకునేలా తోశాడు.

"నువ్వు చెప్పావు!"

ఆ ఆవరణలో కార్యదర్శిని 'నువ్వు' అన్న సభ్యుడు అంతవరకూ లేడు. ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని చూశాడు.

"కూర్చోండి. ఏం చెప్పానండీ?"

"వెనక్కి తిరిగి 'అవును పక్షం' అని అందించలేదూ? నా చెవిలో పడింది. ఎవడు చెప్పమంటే చెప్పావ్?"

"నేను తిరగలేదండీ."

"తిరగలేదా?"

"కొత్తగా కూర్చున్నవాళ్ళకి వాక్యం అందిస్తాం. ఫలితం అందించం. కుర్చీలో ఉన్నవారు ఫలితం చెప్పేటప్పుడు నేను తల వంచుకుని బల్ల వైపు చూస్తాను. ఎవరికీ అనుమానం రాకూడదని పెట్టుకున్న అలవాటు."

కండక్టరు అరచెయ్యి బల్లమీద పడింది. నీళ్ళ గ్లాసు దొర్లి, కాగితాలమీదుగా పారి, కార్యదర్శి ఒళ్ళోకి కారింది. వరండాలో పోయేవాళ్ళు ఆగారు. గుమ్మంలో రెండు తలకాయలు, వాటి మీద మరో రెండు కనిపించాయి.

"అబద్ధాలకోరు! డిపో ఉసురు నీకు తగలకపోతే అడుగు! నువ్వే చెప్పావు, నువ్వే!"

నిండు బస్సులో వెనక సీటు దాకా వెళ్ళడానికి అలవాటుపడిన కేక అది. వరండా చివర మెట్లమీద టీ గ్లాసులతో నిలబడినవాళ్ళు కూడా తలలు తిప్పారు.

కార్యదర్శి లేచి, తడిసిన ప్యాంటుని రుమాలుతో అద్దుకుంటూ, గొంతు ఏమాత్రం పెంచకుండా చెప్పాడు. "ఎదుటి పక్షంవారు అభ్యంతరం పెట్టారు. టీ విరామం అవగానే అధ్యక్షులవారు మిమ్మల్ని లేపి అడుగుతారు. కుర్చీలో ఉన్నవారి చెవులే ప్రమాణం. మీరు విన్నది 'కాదు' అని చెబితే బిల్లు పడిపోయినట్టే, ఈ ఏడాది మళ్ళీ రాదు. నాలాంటి సిబ్బంది వల్ల జరిగిన పొరపాటు అని తేలితే, ఓటు మళ్ళీ మొదటినుంచి పెడతారు. ఇది మీకు చెప్పడం నా ఉద్యోగం. చెప్పాను. ఇక మీరు వెళితే నేను బట్టలు మార్చుకుంటాను."

మర్యాదగా తలుపు చూపించే మనిషిని కొట్టడానికి చెయ్యి రాదు. కండక్టరు బయటికి వచ్చాడు. కోపం తగ్గలేదు. దిగాల్సిన స్టాపు దాటిపోయిన ప్రయాణికుడిలా లోపలే అటూ ఇటూ తిరుగుతోంది.

గ్యాలరీ మెట్ల కింద బల్లమీద అక్క కూర్చుని ఉంది. ఎవరి పెళ్ళికైనా వెళ్ళేటప్పుడు తీసే బట్టలు వేసుకుంది. సందర్శకుల పాసు పిన్నీసుతో పైటకి గుచ్చుకుంది. డిపోలో బస్సులు కడిగి కడిగి ఆవిడ వేళ్ళ చివర్లు ఎప్పుడూ నానిన శనగల్లా ముడతలు పడి ఉంటాయి. ఆ వేళ్ళతోనే తల్లిలేని తమ్ముడికి తల దువ్వింది. ఆ వేళ్ళతోనే మేనేజరు గది తలుపు పదిసార్లు తట్టి, వాడికి కండక్టరు ఉద్యోగం ఇప్పించింది. ఇప్పుడు వాటిని ఒళ్ళో ముడిచి పెట్టుకుని, తమ్ముడు దగ్గరికొచ్చి నిలబడినా చూడలేదు.

"అక్కా."

"కుర్చీ బాగుందిరా," అంది అక్క. "ఎత్తుగా ఉంది. మనిషి కాళ్ళు నేలకి ఆనవనుకుంటా."

"అక్కా, విను. అది నేనన్న మాట కాదు. ఆ కార్యదర్శి వెనక్కి తిరిగి—"

"ఎవరు? ఆ బట్టతలాయనా?"

"ఆఁ."

"ఆ తల నాకు పైనుంచి బాగా కనిపించింది. కడిగి తుడిచిన బస్సు టాపులా తళతళలాడుతోంది. నీ తర్వాత నేను ఎక్కువసేపు చూసింది దాన్నే. అది తిరిగి ఉంటే నాకు తెలియదా? ఇంత కూడా కదల్లేదు."

"నీకు అంతదూరం నుంచి ఏం కనిపిస్తుందే? సభ అంటే ఏమనుకున్నావు? అక్కడ ఎవడు ఎవడికి ఏ చెవిలో ఏం ఊదుతాడో—"

"నాకేం తెలుస్తుందిలే. బస్సులు కడుక్కునేదాన్ని. నువ్వు పెద్ద చదువులు చదివి వెళ్ళావు మరి."

"అక్కా!"

"అరవకు. ఇందాక ఆ పెద్దమనిషిమీద అరిచింది ఇక్కడిదాకా వినపడింది. గుమ్మాల్లో నిలబడి అందరూ నవ్వుకుంటున్నారు. డిపో మూసేటప్పుడు గుటుక్కుమని మింగినవాడికి ఇప్పుడెక్కణ్ణుంచి వచ్చిందిరా అంత గొంతు?"

అతను పక్కన కూర్చోబోయాడు. అక్క సంచీ తీసి మధ్యలో పెట్టింది.

"నువ్వు ఎవర్ని చూశావో చెప్పనా? ముందు వరసలో మీ పెద్దాయన్ని. ఆ రెండు కేకలూ అయ్యాక నువ్వు బట్టతలాయన వైపు చూడలేదు. ఎదుటివాళ్ళని చూడలేదు. ఆయన్ని చూశావు. ఆయన కనుబొమ్మ ఎత్తాడు. నువ్వు 'రైట్' అన్నావు."

"నేను రైట్ అనడమేంటి!"

"అంతే కదరా మరి! మీ బావ బండిలోనేగా పని నేర్చుకున్నావు. ఆయన అద్దంలో చూడగానే నువ్వు 'రైట్ రైట్' అనేవాడివి. కింద ఒక కాలు నేలమీద, ఒక కాలు మెట్టుమీద ఉన్న మనిషి కూడా నీకు కనపడేవాడు కాదు. ఆయన బండి ఆపి తిట్టేవాడు. గుర్తుందా, ఏమని తిట్టేవాడో?"

గుర్తుంది. 'నా మొహం కాదురా, మెట్టు చూసి చెప్పు.'

అతను ఆ గుసగుసని మళ్ళీ వినడానికి ప్రయత్నిస్తున్నాడు. ఇందాక అంత స్పష్టంగా ఉన్న గొంతు, ఇప్పుడు ఎంత చెవి ఒగ్గినా అందలేదు. అది ముసలి గొంతా, వయసు గొంతా? ఎడమ నుంచి వచ్చిందా, కుడి నుంచా? తెలియలేదు. కార్యదర్శి మొహాన్ని దానికి తగిలించి చూశాడు. అతకలేదు. తన మీద పడే నిందని పంచుకోవడానికి మనసు అప్పటికప్పుడు ఒక మనిషిని తయారుచేసి పక్కన కూర్చోబెట్టగలదని అతనికి ఎప్పుడూ తోచలేదు. నిశ్శబ్దంగా ఉన్న ఆ క్షణంలోకి మళ్ళీ వెళ్ళి నిలబడితే, అక్కడ గుసగుస లేదు. ముందు వరసలో, బాగా దువ్విన తెల్లజుట్టు కింద, ఒక కనుబొమ్మ ఉంది. అది లేచింది. అంతే.

ఒక్కసారి ఆ కనుబొమ్మ కనిపించాక, పాతవన్నీ వరసగా కనిపించడం మొదలుపెట్టాయి. డిపోలో సమ్మె ముగిసిన రోజు పెద్దాయన కారు వచ్చింది. వెనక సీట్లో ఆయన, ముందు సీట్లో తను. డ్రైవరు తలమీది అద్దంలో ఆయన కళ్ళు కనిపించాయి. "ఎన్నికల్లో నిలబడతావా?" అన్నాయి. తను రైట్ అన్నాడు. మొదటిసారి గెలిచి, ఆస్పత్రిలో డాక్టర్లు లేరని ప్రశ్న వేశాడు. ఆ ప్రశ్న వంతు వచ్చే ముందు ఆయన వెనక్కి తిరిగి చూశాడు. తను లేవలేదు. నీళ్ళ గొట్టాల గురించి గొంతు చించుకుంటున్న రోజు, ఆయన మెడ కాస్త పక్కకి వాలింది. మాట మధ్యలో కూర్చున్నాడు. ఇంటికి వెళ్ళి అదంతా రాజకీయం, ఓపిక, సమయం కోసం చూడటం అని చెప్పుకున్నాడు. రెండోసారీ గెలిచాడు. పేపర్లో ఫోటో వస్తే కత్తిరించి అక్క అద్దం వెనక దాచింది. ఇన్నేళ్ళూ బండి తనే నడుపుతున్నానని జనం అనుకున్నారు, తనూ అనుకున్నాడు.

కార్యదర్శి మీద వేసిన కేక గుర్తొచ్చి అతని ఒళ్ళంతా మంటెక్కింది. ఇప్పుడా కోపానికి కూర్చోవడానికి చోటు దొరికింది. పెద్దాయన దగ్గర సగం కూర్చుంది. మిగతా సగం ఇంటికి, తన దగ్గరికే, వచ్చింది.

"ఆయన అడుగుతాడటక్కా," అన్నాడు చివరికి. "అధ్యక్షుడు. నాకేం వినిపించిందని."

"మంచిదే. చెప్పు."

"చెబితే నా పని అయిపోతుంది. మళ్ళీ టికెట్టు ఇవ్వరు."

అక్క మొదటిసారి అతని మొహంలోకి చూసింది. "టికెట్టు! ఇన్నేళ్ళు జనానికి నువ్విచ్చావు టికెట్లు. దానికోసం ఒక్కడైనా నీ కాళ్ళు పట్టుకున్నాడా?"

"మీ బావ ఈపూట కూడా బండి మీదే ఉన్నాడు," అంది అక్క లేస్తూ. "సాయంత్రం డిపోలో బండి పెట్టి, తాళం ఇచ్చి, 'ఏమే, మీవాడు చీల్చాడా?' అని అడుగుతాడు. అడిగేటప్పుడు నవ్వుతాడు కూడా. ఆ నవ్వు మొహానికి నేనేం చెప్పాలో నువ్వే చెప్పు, వెళ్ళిపోతాను."

అతను తల దించి తన చెప్పుల వైపు చూశాడు.

"అయితే పైకెళ్ళి కూర్చుంటా. ఈ పాసు సాయంత్రం దాకా పనిచేస్తుందటగా." సంచీ చంకన పెట్టుకుని, మోకాలు పట్టుకుంటూ మెట్లెక్కింది. సాయం చెయ్యబోతే మోచేత్తో నెట్టేసింది.

గంట మోగేలోపు పెద్దాయన నుంచి పిలుపొచ్చింది. గదిలో ఆయన ఒక్కడే, కిటికీ దగ్గర నిలబడి టీ తాగుతున్నాడు. కండక్టరుని చూసి ఎంతో ప్రేమగా నవ్వాడు. ఆ ప్రేమలో అబద్ధం లేకపోవడమే దాంట్లో ఉన్న కష్టం.

"ఏమోయ్ కండక్టరూ, నీ కేక నా గది దాకా వచ్చింది. ఊళ్ళో బస్సులన్నీ ఆగిపోయి ఉంటాయి."

"నన్ను కావాలనే కూర్చోబెట్టారు," అన్నాడు కండక్టరు.

"ఎక్కడ?"

"కుర్చీలో. నేను కింద ఉంటే అరుస్తానని. మావాళ్ళు నా వెనక లేస్తారని. నా నోటికి కుర్చీ అడ్డం పెట్టారు."

"అవును," అన్నాడు పెద్దాయన మామూలుగా. "లేకపోతే నీకు ఎందుకిస్తాను? నీకు నియమాలు వచ్చా, భాష వచ్చా? అయినా బాగా కూర్చున్నావు. మీ అక్క చూసింది కదా, సంతోషించిందా?"

కండక్టరు పిడికిళ్ళు జేబుల్లో పెట్టుకున్నాడు. బయట పెడితే ఏం చేస్తాయో నమ్మకం లేదు.

"సరే, కోపం తర్వాత పడుదువుగాని. పని చూద్దాం," అని గ్లాసు కింద పెట్టాడు పెద్దాయన. "నీకు తెలియకుండానే మంచి పని చేశావు. కార్యదర్శే చెప్పాడని నువ్వు అరవడం అందరూ విన్నారు. అదే సభలో చెప్పు. నువ్వు కుర్చీకి కొత్తవాడివి, నమ్మావు. సిబ్బంది పొరపాటు కింద పోతుంది. ఓటు మళ్ళీ పెడతారు. ఈసారి మనవాళ్ళందరి చేతా టీ మానిపించి కూర్చోబెడతాను, బిల్లు గెలుస్తుంది. నువ్వు నీ సీట్లోంచి 'కాదు' అని ఎంత కావాలంటే అంత గట్టిగా అరుచుకో, నేనేమీ అనుకోను. మీ డిపోవాళ్ళకి నువ్వు మొనగాడివి. నాకు నా బిల్లు."

"మరి ఆయన?"

"ఎవరు? కార్యదర్శా? నాలుగు రోజుల్లో రిటైరయ్యే మనిషి. కాస్త ముందే ఇంటికి పోతాడు, మాట పడి పోతాడు. ఏం చేస్తాం."

"ఆయన చెప్పలేదు."

"ఆ సంగతి ఆయనకీ నీకూ తప్ప ఎవరికి తెలుసు?"

పైన గ్యాలరీలో ఇంకో మనిషికి తెలుసు.

"నాకు 'కాదు' వినిపించింది, వినిపించినా 'అవును' అన్నాను అని చెబితే?"

పెద్దాయన దగ్గరికొచ్చి, అతని చొక్కా కాలరు మడత సరిచేశాడు. "కుర్చీలో కూర్చుని తెలిసి అబద్ధం చెప్పానని ఒప్పుకున్నవాణ్ణి సభ ఒక్క పూట కూడా ఉంచుకోదు. వెళ్ళగొట్టే తీర్మానం నాయకుణ్ణి కాబట్టి నేనే పెట్టాలి. నా చేత ఆ పని చేయించకురా. నిన్ను నేను పెంచాను."

అని, అతని కళ్ళలోకి చూసి, కనుబొమ్మ ఎత్తాడు.

ఆ కదలికని ఇంత దగ్గరగా కండక్టరు ఎప్పుడూ చూడలేదు. తెల్లవెంట్రుకలు నాలుగు, కింద ముడత, అంతే. దానికోసం నాలుక చివర 'రైట్' అన్న మాట వెక్కిలిలా ఎగదన్నుకు వచ్చింది. పళ్ళు బిగించి దాన్ని ఆపాడు. ఆపగలిగాడు. ఆపానని గర్వపడేలోపే తన మెడ తనని అడక్కుండా కిందికీ పైకీ ఊగడం తెలిసింది.

పెద్దాయన అతని భుజం తట్టి వెళ్ళిపోయాడు. ఆ ఖాళీ గదిలో కండక్టరు తన మెడని రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు. జీవితంలో ఏ శత్రువునీ అంతగా అసహ్యించుకోలేదు.

సభ నిండింది. టీకి వెళ్ళినవాళ్ళంతా వచ్చారు. అసలు అధ్యక్షుడు కుర్చీలో ఉన్నాడు. ఆయన ముందు బల్ల దగ్గర, వేరే ప్యాంటు వేసుకుని, కార్యదర్శి ఎప్పటిలాగే తల వంచుకుని ఉన్నాడు. ఆ నున్నటి తల దీపాల కింద మెరుస్తోంది. గ్యాలరీ మొదటి వరసలో అక్క రెయిలింగుమీద రెండు చేతులూ ఆనించి కూర్చుంది.

"ఇందాక కుర్చీలో ఉన్న గౌరవ సభ్యులు లేవాలి," అన్నాడు అధ్యక్షుడు.

చివరి వరసలో కండక్టరు లేచాడు. ఎవరో ఎదుటి పక్షం నుంచి "రైట్ రైట్!" అని అరిచారు. నవ్వులు. అతను నవ్వలేదు.

"మీమీద వచ్చిన అభ్యంతరం విన్నారు. ఒక్క సంగతి చెప్పండి. ఫలితం ప్రకటించే ముందు మీకు ఎవరైనా ఏదైనా అందించారా?"

ముందు వరసలో తెల్లజుట్టు కదిలింది. పెద్దాయన సీట్లోనే మొత్తం ఒళ్ళు తిప్పి, చివరి వరస వైపు చూశాడు. ఆ మొహం అతన్ని రమ్మంటోంది. అటు చూస్తే మళ్ళీ మెడ ఊగుతుంది. కండక్టరు బలవంతంగా చూపు కిందికి దించాడు. మొహం కాదురా, మెట్టు చూడు. కుర్చీ దగ్గరికి ఎక్కే మూడు మెట్లు కనిపించాయి. పొద్దున తను ఎంత మురిసిపోతూ ఎక్కాడో ఆ మెట్లు. వాటి పక్కన, ఏమీ తెలియనట్టు వంగి ఉన్న ఒక తల.

"అందించారు అధ్యక్షా," అన్నాడు.

సభ గుప్పుమంది. బల్లలు చరిచారు. బల్ల దగ్గర ఆ తల మొదటిసారి పైకి లేచింది. కార్యదర్శి వెనక్కి తిరిగి అతన్ని చూశాడు. ఆ కళ్ళలో కోపం లేదు. ఇలాగే జరుగుతుందని ముందే తెలిసినవాడి అలసట ఉంది. పెద్దాయన పెదవుల మీద చిన్న నవ్వు మొదలైంది. పైన అక్క రెయిలింగుని వదిలేసి, వెళ్ళిపోవడానికి సంచీ అందుకుంది.

"నిశ్శబ్దం! ఎవరు అందించారు? సభ్యులు ఆ మనిషిని చూపించాలి."

కండక్టరు కుడిచెయ్యి లేచింది. ఎన్నో ఏళ్ళు బస్సు గంట తాడు లాగిన చెయ్యి. వేలు చాచి, బల్ల మీదుగా, మెట్ల మీదుగా, కార్యదర్శి తల మీదుగా జరుగుతూ వచ్చింది. అక్కడ ఆగుతుందని సభంతా అనుకుంది.

ఆగలేదు. ఆ తలని దాటి, ముందు వరసలో తనవైపే తిరిగి ఉన్న తెల్లజుట్టు దాకా వెళ్ళింది.